జూన్ ముసురులో షాంఘై: మూడు రోజుల కోసం రావచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీ వారు జూన్ మూడో వారంలో సీపీహెచ్‌ఐ మందుల ప్రదర్శనకు షాంఘై వస్తున్నారు. ఆ పని ముగిశాక మీ ఇద్దరికీ మూడు రోజులు చేతిలో ఉంటాయి. ఫోనులో చూస్తే మూడు రోజులూ వాన బొమ్మే కనిపిస్తోంది. ఇద్దరూ శాకాహారులు. ఇంట్లో పెద్దవాళ్ళు ఈ వానల్లో పరాయి దేశం ఎందుకు, మరోసారి వెళ్ళవచ్చు కదా అంటున్నారు. మీ టికెట్టు రద్దు చేసుకోవాలా?

వద్దు, రండి. అయితే ఎండ కాసే రోజులకు వేసుకున్న ప్రణాళికతో మాత్రం రావద్దు. ఎత్తయిన టవర్ల టికెట్లు ముందుగా కొనకండి. హోటల్ ఊరి మధ్యగా పారే హువాంగ్‌పు నదికి పడమటి ఒడ్డున, మెట్రో ద్వారానికి బాగా దగ్గరగా తీసుకోండి. రోజుకు ఒక్క పెద్ద చోటు పెట్టుకోండి, అది పైకప్పు ఉన్నదై ఉండాలి. మిగిలిన వేళంతా ఆ చుట్టుపక్కల నడకకు వదిలేయండి.

నేను బల్క్ డ్రగ్ ముడిసరుకుల కొనుగోలు పని మీద చాలా ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. ఆ ప్రదర్శన సరిగ్గా ముసురు పట్టే రోజుల్లోనే జరుగుతుంది. హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి వచ్చేవాళ్ళలో కొందరు భార్యనో భర్తనో వెంట తెచ్చుకుంటారు. వాళ్ళు ఏం చూసి సంతోషించారో, ఎక్కడ నీరసపడ్డారో దగ్గరుండి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

ముందు వాన సంగతి. యాంగ్‌సీ నది దిగువ ప్రాంతమంతా జూన్ మధ్య నుంచి జూలై మొదటి రోజుల దాకా ముసురు పట్టి ఉంటుంది. ఇక్కడివాళ్ళు దీన్ని మెయ్‌యూ అంటారు. దక్షిణం నుంచి వచ్చే తేమగాలి, ఉత్తరం నుంచి దిగే చల్లగాలి ఈ ప్రాంతం మీద ఎదురుపడి, ఏదీ వెనక్కు తగ్గక అక్కడే నిలిచిపోతాయి. అందుకే ఇది మన హైదరాబాద్‌లో సాయంత్రం ఉరిమి, గంటసేపు దంచి వెళ్ళిపోయే వాన కాదు. సన్నగా తుంపర పడుతుంది, ఆగుతుంది, ఒక అరగంట గట్టిగా కురుస్తుంది, మళ్ళీ ఆగుతుంది. ఫోనులో ఒక గంట వాన ఉన్నా రోజు మొత్తానికి అదే బొమ్మ వేస్తారు. రోజువారీ సూచన చూసి దిగులు పడకుండా, ఉదయం లేచాక గంటల వారీ సూచన చూడండి. చాలా రోజుల్లో నడవడానికి వీలైన విరామం రెండు మూడు సార్లు దొరుకుతుంది.

పట్టించుకోవలసిన వాన ఒకటి ఉంది. ఇక్కడి వాతావరణ శాఖ భారీ వానకు నీలం, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు రంగుల హెచ్చరికలు ఇస్తుంది. నీలం, పసుపు రోజుల్లో ఊరు మామూలుగానే నడుస్తుంది. నారింజ కనిపిస్తే ఆ పూట మ్యూజియంలోనో హోటల్లోనో ఉండిపోండి. తుపానుల తాకిడి ఎక్కువగా జూలై నుంచి సెప్టెంబరు వరకే కాబట్టి జూన్‌లో ఆ భయం తక్కువ.

ఈ వాన పాడుచేసేది ఒక్క దాన్నే: ఎత్తు నుంచి చూసే దృశ్యాన్ని. షాంఘై టవర్ 632 మీటర్లు, దాని దర్శన వేదిక 118వ అంతస్తులో ఉంటుంది. మెయ్‌యూ రోజుల్లో మబ్బు అంతకన్నా కిందికి దిగుతుంది. కిందటిసారి వచ్చిన ఒక జంట ఇంటి దగ్గర బయలుదేరకముందే టికెట్లు కొనేసుకున్నారు. పైకి వెళ్ళి, నాలుగు వైపులా తెల్లటి మబ్బు చూసి దిగి వచ్చారు. ఆవిడ ముఖంలో కనిపించిన నిరాశ నాకు ఇంకా గుర్తుంది. దీనికి తేలికైన కొలత ఒకటుంది. కింద నిలబడి పక్కనే ఉన్న 492 మీటర్ల వరల్డ్ ఫైనాన్షియల్ సెంటర్ వైపు చూడండి. దాని కొన దగ్గర పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే పెద్ద ట్రెపీజియం ఆకారపు రంధ్రం ఉంటుంది. అది స్పష్టంగా కనిపిస్తే అప్పటికప్పుడు టికెట్టు కొని షాంఘై టవర్ ఎక్కండి. కనిపించకపోతే వదిలేయండి.

హోటల్ విషయంలో మీ వారి సంస్థ ప్రదర్శనశాల పక్కనే, నదికి తూర్పు ఒడ్డున ఉన్న పుదోంగ్‌లో గది ఇస్తుందని రాశారు. ప్రదర్శన రోజులకు అది సౌకర్యమే. ఆ తర్వాతి మూడు రోజులకు మాత్రం పీపుల్స్ స్క్వేర్, నాన్‌జింగ్ తూర్పు రోడ్డు, జింగాన్ ఆలయం, ఈ మూడు మెట్రో స్టేషన్లలో ఏదో ఒకదాని దగ్గరికి మారండి. మూడూ రెండో నంబరు లైను మీదే ఉన్నాయి. అదే లైను పుదోంగ్ విమానాశ్రయానికీ వెళ్తుంది. మెట్రోకు ఇంత దగ్గరగా ఎందుకంటున్నానంటే, వాన మొదలవగానే ఈ ఊళ్ళో టాక్సీ దొరకడం గగనం. టాక్సీ పిలిచే దీదీ యాప్‌లో మీ ముందు వంద మంది ఉన్నారని చూపిస్తుంది. మెట్రోకు ఆ బాధ లేదు. ఛార్జీ మూడు యువాన్ల నుంచి మొదలవుతుంది, స్టేషన్ల పేర్లు ఇంగ్లీషులోనూ ఉంటాయి. ప్రతి ద్వారం దగ్గర బ్యాగు తనిఖీ ఉంటుంది కాబట్టి గొడుగు, నీళ్ళ సీసా చేతికి అందేలా పెట్టుకోండి. రాత్రి పదిన్నర దాటాక చివరి రైలు వెళ్ళిపోయే లైన్లు ఉన్నాయి, అది గమనించుకోండి.

మొదటి రోజు ప్రదర్శన అలసట ఉంటుంది. ఆ హాళ్ళలో మూడు రోజులు నడిచినవారి కాళ్ళు ఎలా ఉంటాయో నాకు బాగా తెలుసు. మీకు ఉత్సాహం ఉన్నా ఆయనకు ఉండదు, కాబట్టి ఆ రోజు మ్యూజియం పెట్టుకోండి. షాంఘై మ్యూజియానికి ఇప్పుడు రెండు భవనాలు. పీపుల్స్ స్క్వేర్‌లో ఉన్నది పాత కంచు పాత్ర ఆకారంలో కట్టినది, 1996లో తెరిచారు. పుదోంగ్‌లోని తూర్పు భవనం 2024లో తెరుచుకుంది. మీరు తూర్పు భవనానికి వెళ్ళండి. అది మీ ప్రదర్శనశాల నుంచి నగర మధ్యానికి వచ్చే దారిలోనే, రెండో లైను మీదే పడుతుంది. ప్రధాన ప్రదర్శనలకు ప్రవేశం ఉచితం. వారానికి ఒక రోజు సెలవు ఉంటుంది, రెండు భవనాలకూ ఆ రోజు ఒకటే కాదు, ముందు చూసుకోండి. పాస్‌పోర్టు తప్పనిసరి.

అక్కడ కంచు పాత్రల గదిలో ఎక్కువసేపు ఉండండి. అందులో దా కె దింగ్ అనే మూడు కాళ్ళ పాత్ర ఉంది. క్రీస్తుపూర్వపు పశ్చిమ జౌ రాజుల కాలం నాటిది, ఎత్తు 93 సెంటీమీటర్లు, బరువు 200 కిలోలకు పైమాటే. లోపలి గోడ మీద పొడవైన శాసనం ఉంటుంది. జపాన్ సైన్యం వచ్చినప్పుడు పాన్ అనే ఇంటివాళ్ళు దీన్ని సూజో ఊళ్ళో తమ ఇంట్లోనే నేలలో పాతిపెట్టి దాచారు. ఆ ఇంటి కోడలు పాన్ దాయూ 1951లో దాన్ని ప్రజలకు ఇచ్చేశారు. ఈ కథ తెలిసి చూస్తే ఆ గదిలోంచి త్వరగా బయటకు రాలేరు. మన దగ్గరి నుంచి వచ్చినవాళ్ళలో మ్యూజియం అంటే ముఖం ముడుచుకున్నవారు కూడా ఇక్కడ ఆగి చూశారు.

ఆ సాయంత్రం వాన ఆగితే నది ఒడ్డుకు, అంటే బండ్‌కు వెళ్ళండి. అందరూ అక్కడ ఎదుటి ఒడ్డు టవర్లను ఫొటో తీసుకుని వచ్చేస్తారు. మీరు వెనక్కు తిరిగి, ఈ ఒడ్డున ఉన్న రాతి భవనాలను చూడండి. తుంపరలో రాయి తడిసి ముదురు రంగుకు తిరుగుతుంది, తడి నేల మీద దీపాలన్నీ మళ్ళీ వెలుగుతాయి. ఎండ రోజుల్లో అడుగు తీసి అడుగు వేయలేని చోట ఇద్దరూ పక్కపక్కన నడవవచ్చు. రాత్రి పది ప్రాంతంలో దీపాలు ఆర్పేస్తారు, ఎనిమిదికల్లా చేరుకోండి. పగటిపూట నది దాటాలనుకుంటే ఖరీదైన విహార పడవ అవసరం లేదు. ఊరి జనం రోజూ ఎక్కే రేవు పడవ రెండు యువాన్లకు దాటిస్తుంది. లోపల పైకప్పు, కిటికీలు ఉంటాయి. పొగమంచు దట్టంగా ఉంటే మాత్రం ఆ పడవలు ఆపేస్తారు.

అదే ఒడ్డున పగలు, అదీ పనిదినాల్లో, తప్పకుండా వెళ్ళవలసిన భవనం ఒకటుంది. 1923లో హాంకాంగ్ అండ్ షాంఘై బ్యాంకు కోసం కట్టినది, ఇప్పుడు పుదోంగ్ డెవలప్‌మెంట్ బ్యాంకు అందులో ఉంది. ద్వారం దాటగానే తలెత్తి చూడండి. ఎనిమిది మూలల గుమ్మటం లోపల చిన్న చిన్న రంగు పలకలతో అతికిన ఎనిమిది నగరాల చిత్రాలు కనిపిస్తాయి. ఆ బ్యాంకు వ్యాపారం నడిచిన నగరాలవి. లండన్, పారిస్, టోక్యోల పక్కన మన కలకత్తా కూడా ఉంది. 1950లలో వాటి మీద సున్నం పూసేశారు, 1997లో మరమ్మతు చేస్తుంటే మళ్ళీ బయటపడ్డాయి. బ్యాంకు పని జరుగుతూ ఉంటుంది, ఫొటోలు తీయనివ్వరు, నిశ్శబ్దంగా చూసి రండి. కాస్త అవతల ఆకుపచ్చ రాగి కప్పుతో పీస్ హోటల్ ఉంటుంది, 1929లో విక్టర్ ససూన్ కట్టించాడు. ససూన్ కుటుంబం బొంబాయి నుంచి నల్లమందు, పత్తి ఎగుమతి చేసి సంపాదించిన కుటుంబం. ఆ హోటల్ గాజు గుమ్మటం కింద నిలబడితే, ఈ వైభవంలో మన దేశపు నల్లమందు పొలాల పాలు ఎంత ఉందో గుర్తు చేసుకోకుండా ఉండలేను. లాబీలోకి ఎవరైనా వెళ్ళవచ్చు.

రెండో రోజు సూజో వెళ్ళండి. ఇది నా గట్టి సలహా. షాంఘై నుంచి వేగపు రైలులో అరగంట. వానలో ఊరు దాటి వెళ్ళడమా అని అనుమానం వస్తుంది. కానీ సూజో తోటలను వానను మనసులో పెట్టుకునే కట్టారు. అక్కడి జువోజెంగ్ తోట 16వ శతాబ్దపు మొదట్లో పదవి వదులుకుని వచ్చిన ఒక అధికారి వేయించినది, 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అందులో వాన శబ్దం వినడానికే కట్టిన చిన్న మండపం ఉంది. చుట్టూ అరటి మొక్కలు, వెదుళ్ళు, ముందు తామర కొలను. అరటాకు మీద పడే చినుకు చప్పుడు ఒకటి, తామరాకు మీద ఒకటి, వెదురు మీద మరొకటి. ఎండలో వచ్చినవాళ్ళకు అది మామూలు గది. ముసురులో వచ్చిన మీకు మాత్రం అది కట్టినవాళ్ళు కోరుకున్నట్లే అందుతుంది. మండపం నుంచి మండపానికి పైకప్పు ఉన్న నడవాలు చాలాచోట్ల ఉన్నాయి, పూర్తిగా తడవరు. కోనసీమలోనో కృష్ణా తీరంలోనో అరటితోటల పక్కన పెరిగినవారికి ఆ చప్పుడు కొత్త కాదు. దానికోసం ఒక గది కట్టుకున్న మనుషులున్నారని తెలియడమే కొత్త.

పక్కనే సూజో మ్యూజియం ఉంది. వాస్తుశిల్పి ఐ. ఎం. పే రూపొందించిన భవనం, 2006లో తెరిచారు. తెల్ల గోడ ముందు కొండల వరసలా పేర్చిన రాళ్ళు, వాటి ముందు నీళ్ళు. తోటకూ మ్యూజియానికీ రెంటికీ పాస్‌పోర్టు వివరాలతో ముందే బుక్ చేయాలి. రైలు టికెట్టూ అంతే. సోమవారం మ్యూజియం ఉండదు. ఇక హాంగ్‌జో సరస్సుకు వెళ్ళవచ్చా అని కూడా అడిగారు. మూడు రోజుల్లో రెండు ఊళ్ళు వద్దు. పైగా అక్కడ తల దాచుకోకుండా నడవవలసిన దూరం ఎక్కువ. షాంఘైలోని యూయువాన్ తోట కూడా 1559లో మొదలైన మంచి తోటే, కానీ చుట్టూ ఉన్న బజారు జనంతో క్రిక్కిరిసి ఉంటుంది. సూజో చూసినవారు దాన్ని వదిలేసినా లోటు లేదు.

మూడో రోజును ఖాళీగా ఉంచుకోండి. ఉదయం వాన తీరు చూసి నిర్ణయించుకోవచ్చు. సన్నటి తుంపర అయితే పాత ఫ్రెంచి వాడలోని వూకాంగ్ రోడ్డుకు వెళ్ళండి. రెండు వైపులా పెద్ద పెద్ద ప్లేన్ చెట్లు రోడ్డు మీద పందిరి వేసినట్లు కలుసుకుంటాయి. మూల మీద ఓడ ముక్కులా నిలిచిన వూకాంగ్ భవనం 1924 నాటిది, హంగేరీ నుంచి వచ్చిన వాస్తుశిల్పి లాస్లో హుదెక్ రూపొందించినది. దాని కింద వరండాలో నిలబడి వాన తగ్గేదాకా చూడవచ్చు. అక్కడి నుంచి నాన్‌చాంగ్ రోడ్డు దాకా నడిస్తే ఒక మూల మన రవీంద్రనాథ్ ఠాగూర్ అర్ధవిగ్రహం ఉంటుంది. గట్టి వాన అయితే పీపుల్స్ స్క్వేర్ వెళ్ళండి. అక్కడి పట్టణ ప్రణాళికా ప్రదర్శనశాలలో ఊరి మొత్తం నమూనా ఉంది. టవర్ ఎక్కలేకపోయినవారికి ఈ ఊరు ఎంత పెద్దదో అక్కడ అర్థమవుతుంది. దగ్గరలోనే పాత గుర్రప్పందాల క్లబ్బు భవనంలో నగర చరిత్ర మ్యూజియం ఉంటుంది.

భోజనం సంగతి మీరు అడిగిన దానికంటే కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే శాకాహారులు ఇక్కడ చిక్కుపడేది వంటకం పేరు దగ్గర కాదు. ఆకుకూర వేపుడు అని తెచ్చిన దానిలో పంది కొవ్వు, ఆయిస్టర్ సాస్, కోడి పొడి, వీటిలో ఏదైనా ఉండవచ్చు. అది వాళ్ళకు మాంసం కింద లెక్క కాదు. అందుకని మాంసం, చేప, రొయ్య, గుడ్డు, కోడి పొడి, పంది కొవ్వు వద్దు అని ఒక్కొక్కటీ విడిగా చైనా లిపిలో రాయించి, కాగితం మీద అచ్చు తీసుకుని రండి. అన్నిటికంటే నిశ్చింతగా తినగలిగేవి బౌద్ధుల శాకాహార భోజనశాలలు. నాన్‌జింగ్ పశ్చిమ రోడ్డు మీద గోంగ్‌దెలిన్ 1922 నుంచి నడుస్తోంది. బాతు, పీత అని పేర్లు కనిపిస్తే కంగారు పడకండి, అవి సోయా, గోధుమ, పుట్టగొడుగులతో ఆ రూపంలో చేసినవి. జేడ్ బుద్ధ ఆలయంలో పుట్టగొడుగుల నూడుల్స్ వేడివేడిగా పెడతారు. ముసురు పట్టిన మధ్యాహ్నం అంతకంటే తృప్తినిచ్చే భోజనం ఈ ఊళ్ళో నాకు తెలియదు. కారం ఉండదు, మీ పొడుల డబ్బా వెంట తెచ్చుకోండి.

డబ్బు, ఫోను: మన యూపీఐని నమ్ముకుని రాకండి. ఇక్కడి చెల్లింపుల యాప్ అలీపేలో మీ అంతర్జాతీయ కార్డును ఇంటి దగ్గరే జతచేసుకోండి. 200 యువాన్లు మించిన చెల్లింపు మీద మూడు శాతం రుసుము పడుతుంది. ఇద్దరి ఫోన్లలోనూ, వేర్వేరు కార్డులతో పెట్టుకోండి. ఒక ఫోను తడిసి ఆగిపోతే రెండోది ఆదుకుంటుంది. వాట్సాప్, గూగుల్ ఇక్కడి వైఫైలో పనిచేయవు. మన సిమ్ రోమింగ్‌లో ఉంటే సాధారణంగా పనిచేస్తాయి. ఇంటికి రోజూ ఫోను చేయాలి కాబట్టి రోమింగ్ ప్యాక్ తీసుకోండి.

బట్టలు, చెప్పుల దగ్గర చాలామంది పొరబడుతున్నారు. తోలు బూట్లు వద్దు, ఈ తేమలో తడిస్తే మీరు తిరిగి వెళ్ళేలోపు ఆరవు. వెనక పట్టీ ఉండి జారని చెప్పులు తెచ్చుకోండి. ఇక్కడి మెట్రో మెట్ల మీద, మాల్ ముందు పాలరాతి మీద జారిపడ్డవారిని చూశాను. చీరకన్నా పొట్టి కుర్తా, త్వరగా ఆరే ప్యాంటు హాయి. గదిలో ఏసీకి తేమ తీసే అమరిక ఉంటుంది, రాత్రి అది పెట్టి బట్టలు ఆరేయండి. గొడుగులు రెండు కావాలి. ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిస్తే ఇద్దరి భుజాలూ తడుస్తాయి. రోడ్డు దాటేటప్పుడు గొడుగు అడ్డం పెట్టుకుని అడుగు వేయకండి. ఇక్కడ విద్యుత్ స్కూటర్లు చప్పుడు లేకుండా వస్తాయి, వాన కోటు టోపీలో నడిపేవారికి పక్కలు సరిగా కనబడవు. వానలో నేను నిజంగా భయపడేది ఈ ఒక్కదానికే.

చివరిగా తిరుగు ప్రయాణం. లోంగ్‌యాంగ్ రోడ్డు నుంచి విమానాశ్రయానికి అయస్కాంత శక్తితో పట్టాల మీద తేలుతూ వెళ్ళే మాగ్లెవ్ రైలు ఉంది, 30 కిలోమీటర్లు, 50 యువాన్లు, పది నిమిషాల లోపే. వానలో టాక్సీ కోసం ఎదురుచూడకుండా మెట్రోలో అక్కడిదాకా వచ్చి అది ఎక్కండి. ఈ కాలంలో ఉరుములు వస్తే విమానాలు ఆలస్యమవుతాయి. హాంకాంగ్‌లోనో సింగపూర్‌లోనో మారవలసి ఉంటే మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి, రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టు మీద ఉండేలా చూసుకోండి. మీరు వచ్చే తేదీలు వారంలో ఏ రోజుల్లో పడుతున్నాయో రాస్తే, మ్యూజియం సెలవులు తప్పించుకునేలా సూజో రోజును మార్చి చెబుతాను.